భయం లేని వీధి

నీలమ్మపేట ఆడవాళ్లను వారానికోసారి వాళ్ల దిగులు గురించి అడగడం నా ఉద్యోగం. నిద్ర పట్టిందా, గుండె దడగా ఉందా, ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చిందా అని వరసగా అడిగి, వాళ్ల జవాబుకి సరిపోయే అంకెను ట్యాబ్‌లో నొక్కాలి. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అందరూ నన్నే జాలిగా చూసేవారు.

"కారణం నేకుండా ఎవులేడుత్తారమ్మా? నీకేటైనా అయ్యిందేటి?" అని కొర్లమ్మ మొదటి రోజే అడిగింది.

ఆ ప్రశ్న నేను తయారు చేసింది కాదని చెప్పుకున్నాను. ఎక్కడో ఎవరో రాసిన ప్రశ్నలను విశాఖపట్నంలో మా సంస్థవాళ్లు తెలుగు చేయించారు. నన్ను ఆఫీసులో రిసెర్చ్ అసిస్టెంట్ అంటారు, ఊళ్లో సర్వే మేడమ్ అంటారు. ఎలా పిలిచినా పలికేదాన్ని.

నీలమ్మపేటలో ఉన్నవి రెండే వీధులు. ఒకటి మైలపల్లివారిది, రెండోది సూరాడవారిది. రెండూ సముద్రం దగ్గరే ఆగిపోతాయి. సముద్రం మీద మగవాళ్లని పోగొట్టుకోని ఇల్లు ఆ ఊళ్లో వెతికినా దొరకదు. అందుకే మా సంస్థ ఆ ఊరిని ఎంచుకుంది. అక్కడి ఆడవాళ్ల దిగులు మిగతా ఊళ్లకంటే చాలా ఎక్కువని ముందే లెక్క తేలింది.

ఆ లెక్కలో అందరికంటే పైన ఉన్నది మైలపల్లివారి వీధిలోని కొర్లమ్మ. తండ్రినీ అన్ననీ ఒకే తుపానులో పోగొట్టుకున్న మనిషి. భర్త ఎర్రయ్య పడవ దించే రోజుల్లో గాలి కాస్త తేడాగా వీచినా ఆవిడ వెళ్లి పడవ ముందు కూలబడి ఏడ్చేది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి ఆడది పడవ ముందు ఏడిస్తే ఆ పూట ఆ పడవ నీళ్లలోకి దిగకూడదు. పరాయి ఇంటి ఆడది వచ్చి ఏడిస్తే మాత్రం అది శాపం కింద లెక్క, తలలు పగులుతాయి. ఎర్రయ్య తిట్టుకుంటూనే పడవను వెనక్కి లాగేవాడు.

"ముందు మా యావిడ ఏడుత్తాది. ఆ తరవాత రేడియో సెప్తాది" అనేవాడు నాతో. అందులో విసుగెంతో గొప్పెంతో నాకు తేలేది కాదు.

ఈ దిగులుకి మందు కనిపెట్టింది మా డాక్టర్ యశోధరగారు. ఆవిడ వైద్యం చేసే డాక్టరు కాదు, సూక్ష్మజీవుల డాక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ప్రయోగశాలకి పిలిచి రెండు గాజు పెట్టెలు చూపించారు. రెండింట్లోనూ ఎలుకలున్నాయి. పిల్లి పడుకున్న గుడ్డపీలిక ఒక్కొక్కటి రెండింట్లోనూ వేశారు. మొదటి పెట్టెలో ఎలుకలు మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి వణికాయి. రెండో పెట్టెలోవి గుడ్డ మీదకి ఎక్కి తాపీగా గింజలు తిన్నాయి.

"వీటి పొట్టలో నా పురుగులున్నాయి, కంటికి కనపడనంత చిన్నవి. పొట్ట నుంచి మెదడుకి ఒక నరం వెళ్తుంది. ఆ దారిలోనే సగం భయం పైకి ఎక్కుతుంది. నా పురుగులు అక్కడ కూర్చుని దాన్ని జోకొడతాయి, అంతే" అన్నారు యశోధరగారు.

పెట్టెలో నిజంగా పిల్లి లేదు కాబట్టి రెండో పెట్టెలోని ఎలుకలు చేసింది తెలివైన పనే అనుకున్నాను. యశోధరగారు కూడా అలాగే అనుకుని ఉంటారు.

ఆవిడ ఆ పురుగులను మాత్రల్లో పెట్టలేదు. మాత్రలు ఊళ్లలో ఎలా అటకెక్కుతాయో ఆవిడకు తెలుసు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్లలో తరవాణి కుండ ఉంటుంది. రోజూ గంజీ బియ్యం కడుగూ అందులో పోస్తే నిన్నటి పులుపు ఇవాళ్టిదాన్ని పులియబెడుతుంది. పొద్దున్నే ఆ పులిసిన నీళ్లు చద్దన్నంలో పోసుకుని ఇంటిల్లిపాదీ తిని పనుల్లోకి పోతారు. కుండను మొత్తంగా ఎప్పుడూ ఖాళీ చేయరు. ఆ పురుగులు కలిపిన పొడి ఒక్క చెంచాడు ఆ కుండలో వేస్తే చాలు, అవి వాటంతట అవే పెరుగుతాయి. రోజూ తిన్నంత కాలం మనిషిలో ఉంటాయి, మానేసిన కొన్నాళ్లకి పోతాయి.

ఒక వీధికి అసలు పొడి, రెండో వీధికి ఏ గుణమూ లేని పొడి ఇచ్చారు. ఏది ఎవరికో నాకు కూడా చెప్పలేదు. గర్భిణుల్నీ బాలింతల్నీ పరీక్షలో చేర్చలేదు. బాలింతకి పులుపు తగలనివ్వరు కాబట్టి అది మేం ఆపాల్సిన పని కూడా కాదు. అందరి దగ్గరా ఒప్పుకుంటున్నట్టు వేలిముద్రలు తీసుకుని, నేనే ఇంటింటికీ వెళ్లి కుండలో పొడి వేశాను.

"సర్వే మేడమ్ ఊరందరికీ మందెట్టేత్తన్నాదర్రో! రేపట్నుంచి అందరం ఈవిడి ఎనకాలే తిరగాల" అని కొర్లమ్మ వీధంతా వినపడేలా అరిచింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

నేను అద్దెకున్నది కొర్లమ్మ ఇంట్లోనే. పరీక్షలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఏమీ తినకూడదని మాకు నియమం. కొర్లమ్మ మొదటి వారమే తరవాణి అన్నం ముంత నా ముందు పెట్టి, తినకపోతే వాళ్లని తక్కువగా చూస్తున్నానని ఊరందరికీ చెప్తానంది. యశోధరగారికి ఫోన్ చేసి ఏం చేయమంటారని అడిగాను.

"నువ్వు లెక్కలో లేవుగా ప్రమీలా, తిను" అన్నారు. తిన్నాను. చాలా బాగుంది కూడా.

అసలు పొడి ఏ వీధికి వెళ్లిందో నెల తిరిగేసరికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. సూరాడవారి వీధిలో అంకెలు ఉన్నచోటే ఉన్నాయి. మైలపల్లివారి వీధిలో వారం వారం దిగాయి. కొర్లమ్మ రాత్రి పడుకుంటే తెల్లారి గాని లేవడం లేదు. చనిపోయిన తండ్రి గురించి అడిగితే, ఆయన ఎంత బాగా పాడేవాడో, తాగి ఎలా పడిపోయేవాడో చెప్పి నవ్వేది. మరిచిపోయావా అంటే లేదంది.

"అన్నీ గేపకం ఉన్నాయమ్మా. బరువే నేదు."

నా సంగతీ చెప్పాలి. పడుకునే ముందు తలుపు గడియ ఎన్నిసార్లు చూసుకునేదాన్నో నాకే లెక్క లేదు. అమ్మ ఫోన్ ఎత్తకపోతే బస్సెక్కి సాలూరు వెళ్లిపోయేంత కంగారు నాది. అదంతా పోయింది. నా జీవితంలో అంత హాయిగా గడిచిన నెలలు లేవు. ఇప్పటికీ అదే మాట అంటాను.

యశోధరగారు ఒకసారి ఊరికి వచ్చారు. కొర్లమ్మ ఇంట్లో చేపల పులుసుతో భోజనం చేసి, ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుని వాళ్ల నవ్వులు విన్నారు. తిరిగి కారెక్కేటప్పుడు ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"మా అమ్మ బతుకంతా కిటికీ దగ్గరే గడిచిపోయింది ప్రమీలా. నాన్న రావడం ఆలస్యమైతే కిటికీ, నేను రావడం ఆలస్యమైతే కిటికీ. ఈ పొడి ఆవిడ ఉన్నప్పుడు నా దగ్గర ఉండుంటే" అని ఆగిపోయారు.

కార్తీక మాసం వచ్చింది. పౌర్ణమి దాటాక ఒక ఉదయం మైకు కట్టిన ఆటో ఊళ్లో తిరిగింది. వాయుగుండం పట్టిందనీ, ఎవరూ వేటకి వెళ్లొద్దనీ అరిచి వెళ్లింది. ఆ మాట అక్కడ కొత్త కాదు. తుపానుకి ముందు చేప బాగా పడుతుందని కూడా అక్కడ అందరికీ తెలుసు. వలలో నాలుగు రోజుల సంపాదన ఒక్క పూటలో పడుతుంది. ప్రతిసారీ మగవాళ్లకి ఆశ పుడుతుంది, ఆడవాళ్లు ఏడుస్తారు, పడవలు ఆగుతాయి. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

నేను పళ్లు తోముకుంటూ రేవు వైపు వెళ్లాను. ఎడమవైపు సూరాడవారి పడవల దగ్గర పెద్ద గోల. ఆడవాళ్లు ఇసుకలో కూలబడి ఏడుస్తున్నారు, మగవాళ్లు బూతులు తిడుతూ పడవల్ని మెరక మీదకి లాగుతున్నారు. కుడివైపు మైలపల్లివారి పడవలు మూడు నీళ్లకి ముఖం పెట్టి ఉన్నాయి. అక్కడ ఎవరూ ఏడవడం లేదు. ఆడవాళ్లు కూడు క్యారేజీలు అందించి కబుర్లు చెప్పుకుంటున్నారు. కొర్లమ్మ వల మడత పెట్టడంలో ఎర్రయ్యకి సాయం చేస్తోంది.

అప్పుడు నాకు విషయం మొత్తం అర్థమైంది. కుండ ఇంటికి ఒక్కటే. మేం ప్రశ్నలు అడిగింది ఆడవాళ్లనే. అదే కుండలోది మగవాళ్లూ రోజూ తిని సముద్రం మీదకి పోతున్నారు. ఇదంతా చాలా స్పష్టంగా అర్థమైంది కానీ భయం మాత్రం వేయలేదు. నోరు పుక్కిలించి, తువ్వాలుతో తుడుచుకుని యశోధరగారికి ఫోన్ చేశాను.

"ఆపు ప్రమీలా! ఎవరినైనా పట్టుకో, ఏదైనా చెయ్యి, ఆపు! నేను పోలీసులకి చెప్తాను" అని అరిచారు ఆవిడ. అంత గట్టిగా ఎందుకు అరుస్తున్నారా అనిపించింది నాకు. అయినా భయం ఉన్న మనిషి చెప్పిన మాట వినడం మంచిదని లెక్క వేసుకుని ఎర్రయ్య దగ్గరికి వెళ్లాను.

"సముద్రం మాకు కొత్తేటి మేడమ్? మాపటికల్లా వచ్చేత్తాం. నీకు పండుగప్ప సేప అట్టుకొత్తాను" అన్నాడు నవ్వుతూ.

కొర్లమ్మని పక్కకి పిలిచాను. "నువ్వు ఏడిస్తే పడవ ఆగుతుంది. ఏడు" అన్నాను.

ఆవిడ ఆలోచించి తలూపింది. నా మాట ఆవిడకీ సబబుగానే తోచింది. వెళ్లి పడవ ముందు కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఓలమ్మో ఓలమ్మో అని రాగం తీసింది. ఎర్రయ్య వచ్చి కొంగు లాగి చూశాడు. కళ్లు ఎండి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు, కొర్లమ్మ కూడా నవ్వేసింది.

"ఏడుపు రాట్లేదు మావా. నానేటి సెయ్యను?"

సూరాడవారి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, మీరైనా వచ్చి ఏడవండి అని అడిగాను. వాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పరాయివాళ్ల పడవ ముందు ఏడిస్తే వాళ్ల చావు కోరినట్టే, మమ్మల్ని అంత పాపిష్టివాళ్లం అనుకున్నావా అని ఒకావిడ చీపురు తీసింది.

మైలపల్లివారి ఇళ్లలో తరవాణి తాగని ఆడది ఎవరైనా ఉందా అని ఆలోచించాను. ఒక్క మనిషి ఉంది. ఎర్రయ్య చెల్లెలు పైడితల్లి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి వారం కూడా కాలేదు. పత్యం కూడు తప్ప ఇంకేమీ పెట్టడం లేదు. పెరటి గదిలోంచి పొద్దుట్నుంచీ పైడితల్లి ఏడుపు వినిపిస్తూనే ఉంది. నేనూ విన్నాను. పచ్చి బాలింత, చలిగాలి తగిలి ఏడుస్తోందని కొర్లమ్మ అంటే సరే అనుకుని పళ్లు తోముకోవడానికి వెళ్లాను.

నేను పరిగెత్తలేదు. పరిగెత్తాలని తోచలేదు. వేగంగా నడిచాను.

పైడితల్లి చెవుల్లో దూది, తలకి గుడ్డ కట్టుకుని గడప లోపల నిలబడి ఉంది. బిడ్డ రొమ్ము దగ్గర ఉంది. ఏడ్చి ఏడ్చి తల్లి ముఖం ఉబ్బిపోయింది.

"మేడమ్, అన్నయ్యోలు ఎల్లిపోనారేటి? ఒకలూ ఏడవరేటి? ఒదిన్ని పిలిత్తే పలకదేటి?"

"ఇంకా వెళ్లలేదు. నువ్వు వచ్చి ఏడవాలి."

"నానెలా వత్తాను? పురుడు తీరనేదు. నాను తాకితే పడవ మైలడిపోద్ది. అన్నయ్య సంపేత్తాడు."

"మైలపడితే ఏం చేస్తారు?"

"పసుపు నీల్లతో కడిగి అమ్మోరికి మొక్కిందాకా దించరు."

"అయితే ఏడవకపోయినా పర్లేదు, తాకు చాలు" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. అక్కడ భయమేమైనా ఉందేమోనని వెతికి ఉంటుంది. ఏమీ కనపడలేదు కాబోలు, బిడ్డని నా చేతుల్లో పెట్టి గడప దాటింది.

పురుటి మనిషి రేవులోకి రావడం ఆ ఊరు చూసి ఉండదు. మగవాళ్లు దూరంగా జరిగి కేకలు వేశారు. పైడితల్లి ఎవరినీ వినిపించుకోలేదు. ఎర్రయ్య పడవ మూతిని రెండు చేతులా కావలించుకుని బావురుమంది. ఎర్రయ్య తెడ్డు ఎత్తాడు గాని కొట్టలేదు. చెల్లెలిని తాకకుండా లాగలేడు, తాకితే తనూ మైలపడతాడు. తెడ్డు ఇసుకలో పారేసి తిట్లు మొదలుపెట్టాడు. పడవ ఆగిపోయింది.

మైలపల్లివారి ఆడపడుచుకి ఆ మూడు పడవలూ పుట్టింటివే. పైడితల్లి లేచి రెండో పడవ వైపు పరిగెత్తింది. అది చూసి ఆ పడవలోవాళ్లు గబగబా నీళ్లలోకి తోసేశారు, మూడోదాన్నీ తోశారు. ఆ పిల్ల నడుములోతు నీళ్లలోకి దిగి చేతులు చాచి అన్నయ్యా, సిన్నాన్నా అని ఒక్కొక్కరినీ పిలిచింది. కెరటం వచ్చి వెనక్కి కొట్టింది, మళ్లీ లేచి పోయింది. పడవల్లోవాళ్లు ఆమెకి చెయ్యి ఊపారు. ఒడ్డున ఆడవాళ్లు కూడా ఊపారు.

నా చేతుల్లో బిడ్డ పాలకోసం ఏడుస్తోంది. నేను దాన్ని ఊపుతూ నిలబడ్డాను.

ఆ రెండు పడవలూ తిరిగి రాలేదు. తుపాను తగ్గాక నలుగురి శవాలు ఒడ్డుకి వచ్చాయి, ఇద్దరివి అసలు రాలేదు. మైలపల్లివారి ఆడవాళ్లు శవాలకి స్నానాలు చేయించారు, కొత్త గుడ్డలు కప్పారు, ఏ పనిలోనూ లోటు చేయలేదు. పెరటి గదిలో పైడితల్లి తప్ప ఎవరూ ఏడవలేదు. పలకరింపుకి వచ్చిన సూరాడవారి ఆడవాళ్లు కాసేపు చూసి, భయపడి, వాళ్లే గుండెలు బాదుకుని ఏడ్చి వెళ్లారు. భర్త పోయిన ఒకావిడ వాళ్లకి మంచినీళ్లు ఇచ్చి, ఊరుకోండమ్మా అని ఓదార్చింది.

చావు మైల ఆ ఇంటిపేరు వాళ్లందరికీ ఉంటుంది, మైల సోకిన కుండను ఇంట్లో ఉంచరు. మర్నాడు మైలపల్లివారి ప్రతి ఇంట్లోనూ తరవాణి కుండ బయటికి వచ్చింది. ఆడవాళ్లు వరసగా తీసుకెళ్లి ఇసుకలో పారబోసి కుండలు పగలగొట్టారు. పరీక్ష ఆపమని విశాఖపట్నం నుంచి ఉత్తర్వు వచ్చేసరికి ఆపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

నన్ను ఆఫీసుకి పిలిచారు. పొడవాటి బల్ల చుట్టూ పెద్దవాళ్లు కూర్చున్నారు. పోయినవాళ్లు మగవాళ్లు, పరీక్షలో నమోదైంది ఆడవాళ్లు, కాబట్టి ఆ చావులకీ మన పొడికీ సంబంధం ఉందని చెప్పలేమని ఒకాయన అన్నారు. అంకెలు ఇంత బాగా తగ్గిన మందు ఈ మధ్య రాలేదని ఇంకొకాయన అన్నారు. సముద్రం లేని జిల్లాలో మళ్లీ చేద్దామన్నారు. పొడి అంతా ఇంకా యశోధరగారి ప్రయోగశాలలోనే ఉంది. దాన్ని ఉంచాలో, ఆవిరిలో ఉడికించి చంపాలో ఆవిడ చేతిలో ఉంది.

"అక్కడ ఉన్నది నువ్వు. నువ్వేమంటావు ప్రమీలా?" అని ఆవిడ చివరికి నన్ను అడిగారు.

"నాకు ఇంకా ఏమీ అనిపించడం లేదండీ. కొన్నాళ్లు ఆగి అడగండి" అన్నాను. అబద్ధం చెప్పే అవసరం కూడా నాకు తోచలేదు. ఆవిడ నన్ను అదోలా చూసి తల దించుకున్నారు.

కుండలు పగిలిన కొన్నాళ్లకి, మిగిలిన సామాను తెచ్చుకోవడానికి నీలమ్మపేట వెళ్లాను. సముద్రం అద్దంలా ఉంది. ఎర్రయ్య అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. కొర్లమ్మ పొయ్యి మీద అన్నం వారుస్తోంది. నేను బట్టలు మడత పెట్టుకుంటుండగా వీధి చివర ఇంట్లోంచి ఒక అరుపు వినిపించింది. పలకరింపుకి వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చి ఓదార్చినావిడ ఇల్లు అది. ఆ అరుపు ఆగలేదు. పక్కింట్లో మొదలైంది, ఆ పక్క ఇంట్లో మొదలైంది. చూస్తుండగానే ఇళ్లన్నీ తెరుచుకుని ఆడవాళ్లు వీధిలోకి వచ్చి పడ్డారు. మగవాళ్లూ ఏడుస్తున్నారు. పోయినవాళ్లని అప్పుడే మొదటిసారి చూసినట్టు, పేర్లు పెట్టి పిలుస్తూ మట్టిలో దొర్లుతున్నారు.

కొర్లమ్మ చేతిలో గంజి గిన్నె జారిపోయింది. బయటికి వచ్చి ఎర్రయ్య ముందు నిలబడి అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. ఆ తరవాత రెండు చేతులతో అతని గుండెల మీద బాదడం మొదలుపెట్టింది.

"కూడు కట్టిచ్చినాను మావా! నా సేత్తో నానే కట్టిచ్చినాను! నవ్వుతా పంపేత్తన్నాను కదరా నిన్ను!"

ఎర్రయ్య ఆవిడని పట్టుకోలేదు. వల పక్కన పడేసి ఆ దెబ్బలు తింటూ ఏడ్చాడు.

నా జేబులో ఫోన్ మోగింది. యశోధరగారు. "ఇప్పుడు చెప్పు ప్రమీలా. ఏం చేయమంటావు?"

చెప్పడానికి నోరు తెరిచాను. నీళ్లలో చేతులు చాచిన పైడితల్లీ, ఆమెకి చెయ్యి ఊపిన ఆ ఆరుగురూ, తువ్వాలుతో నోరు తుడుచుకుంటున్న నేనూ ఒక్కసారిగా కళ్ల ముందుకి వచ్చాం. ఏడుపొచ్చేసింది. వీధిలోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి వీధి వైపు చాచి పట్టుకున్నాను. కాసేపటికి అవతల యశోధరగారి ప్రయోగశాలలో ఒక ఇనుప తలుపు తెరుచుకున్న చప్పుడు, సీసాలు ఒకదానికొకటి తగులుతూ ఏదో లోతైన దానిలో పడుతున్న చప్పుడు, ఆ తరవాత ఆవిరి బుస వినిపించాయి. వాటి మధ్యలోంచి ఆవిడ ఏడుపు కూడా వినిపించింది.